పాట కంటే ముందు పత్తి

అమెరికా దక్షిణాదిలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న మెంఫిస్ నగరానికి వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది తిన్నగా వెళ్లేది గ్రేస్‌ల్యాండ్‌కి. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 1957లో 1,02,500 డాలర్లకు కొన్న ఇల్లు అది. ఆయన పోయిన అయిదేళ్లకు, 1982 జూన్‌లో, జనం చూడడానికి దాని తలుపులు తెరిచారు. ఏటా అయిదు లక్షలమందికి తక్కువ కాకుండా వస్తారు. ఆ తర్వాత బీల్ స్ట్రీట్‌లో కాసేపు బ్లూస్ పాటలు, సన్ స్టూడియోలో ఒక ఫొటో, ఇంకా పూట మిగిలితే పౌరహక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ ప్రాణాలు కోల్పోయిన లొరైన్ మోటెల్. టూర్ కంపెనీల వరస దాదాపు ఇంతే. ఈ వరసలో తిరిగినవాళ్లకు మెంఫిస్ రెండు వేర్వేరు ఊళ్లలా కనిపిస్తుంది. ఒకటి ఆటపాటల ఊరు, రెండోది హత్య జరిగిన ఊరు. రెండూ ఒకేచోట ఎందుకున్నాయన్న ప్రశ్నకు టికెట్ వెనక జవాబు ఉండదు. ఆ జవాబు నగరంలోనే ఉంది. గ్రేస్‌ల్యాండ్‌తో పోలిస్తే జనం పలచగా కనిపించే ఒక చిన్న మ్యూజియంలో, నదికి కూతవేటు దూరంలో ఉంది. మెంఫిస్‌ను అక్కడినుంచే, అంటే పత్తి నుంచే, మొదలుపెట్టి చూడాలన్నది ఈ వ్యాసం వాదన.

ముందు నది సంగతి. 1818లో చికసా తెగ నుంచి ఒప్పందం పేరుతో భూమి చేతికి రాగానే, మరుసటి ఏడాది ముగ్గురు భూవ్యాపారులు ఇక్కడ నగరానికి గీతలు గీశారు. ఆ ముగ్గురిలో ఒకడైన ఆండ్రూ జాక్సన్ తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. నైలు ఒడ్డున ఉన్న ప్రాచీన ఈజిప్టు రాజధాని పేరే దీనికీ పెట్టారు. వాళ్లు ఎంచుకున్న చోటు తెలివైనది. మిసిసిపీకి వరదొస్తే మైళ్లకు మైళ్లు మునిగిపోయే పల్లపు నేల మధ్య, ఇక్కడ మాత్రం ఒడ్డు ఎత్తైన గట్టులా లేచి ఉంటుంది. దక్షిణాన డెల్టా, నల్లరేగడి లాంటి ఒండ్రు నేల, పత్తికి పుట్టిల్లు. పండింది డెల్టాలో, అమ్మింది గట్టు మీద, ఓడెక్కింది గట్టు కింద. ఇప్పటికీ ఆ రేవులో రాళ్లు పరిచిన వాలు మిగిలే ఉంది. స్టీమర్లను కట్టిన ఇనప కడియాలు ఆ రాళ్ల మధ్య కనిపిస్తాయి. టికెట్ లేదు, గైడ్ లేడు, అయినా ఊళ్లో మొదట నిలబడవలసిన చోటు ఇదే. దగ్గరలోని మడ్ ఐలాండ్ మీద దిగువ మిసిసిపీ నమూనాను కాంక్రీటులో పోశారు. అందులో ఒక అంగ వేస్తే అసలు నదిలో ఒక మైలు. నది ఎన్ని ఊళ్లను తనకు కట్టేసుకుందో ఆ నమూనా వెంట నడిస్తే తెలుస్తుంది.

రేవు నుంచి గట్టెక్కితే ఫ్రంట్ స్ట్రీట్. పత్తి వ్యాపారుల కొట్లన్నీ ఈ వీధిలోనే ఉండేవి. యూనియన్ అవెన్యూ మూలమీద కాటన్ ఎక్స్ఛేంజ్ భవనం ఉంది. ఎక్స్ఛేంజ్ 1870లలో ఏర్పడింది, దాని లావాదేవీల గదినే 2006లో కాటన్ మ్యూజియంగా మార్చారు. (కాటన్ మ్యూజియం అనగానే మనకు ధవళేశ్వరం గుర్తొస్తుంది. ఇది దొరగారిది కాదు, దూదిది.) ఎత్తైన గోడకు పెద్ద ధరల బోర్డు, కింద వ్యాపారులు తిరిగిన నేల. సరుకును కళ్లతో చూసి, చేత్తో పింజ లాగి, రంగూ పొడవూ నిర్ణయించి అక్కడికక్కడే కొనే పత్తి బజార్లలో ప్రపంచంలోకెల్లా పెద్దదని ఒకప్పుడు మెంఫిస్‌కు పేరు. ఆదోని, వరంగల్ యార్డుల్లో బస్తాలోంచి గుప్పెడు దూది తీసి పింజ చూసే దృశ్యం తెలిసిన తెలుగువారికి ఈ గది కొత్తగా అనిపించదు. మనకు ఇంకో బంధమూ ఉంది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై దక్షిణాది రేవులు మూతపడ్డప్పుడు, ఇంగ్లండు మిల్లులు దూది కోసం ఇండియా వైపు చూశాయి. కాకినాడ రేవు ఎగుమతులతో ఊపందుకున్నది ఆ గిరాకీ వల్లే. మిసిసిపీ మీద ఫిరంగులు పేలితే గోదావరి జిల్లాలో పత్తి ధర కదిలిన కాలం అది.

అయితే ఈ గదికి ఒక గుణం ఉంది, దాన్ని గమనించకుండా బయటికి రాకూడదు. ఎక్స్ఛేంజ్ నడిచిన రోజుల్లో సభ్యులు తప్ప మరొకరు ఈ నేలమీద కాలు పెట్టేవారు కాదు. సభ్యులంటే తెల్లజాతి మగవాళ్లు. పత్తి గింజ నాటినవాళ్లూ, కలుపు తీసినవాళ్లూ, కాయ ఏరినవాళ్లూ, బేళ్లు మోసినవాళ్లూ ఎవరూ ఇక్కడికి రాలేదు. వాళ్ల పని ధర మాత్రం ఇక్కడి బోర్డు మీద సుద్దముక్కతో రాసేవారు. మ్యూజియంలో ఎన్ని బొమ్మలు పెట్టినా ఈ ఒక్క సంగతి చెప్పినంత గట్టిగా అవేవీ చెప్పవు. మెంఫిస్‌లో తక్కినదంతా, పాటా, 1968 నాటి చెత్త కూలీల సమ్మే రెండూ, ఆ గది గుమ్మం బయట ఉండిపోయినవాళ్ల కథే.

ఆ బయటివాళ్లు మొదట బానిసలు. ఫ్రంట్ స్ట్రీట్‌కు దగ్గర్లోనే ఆడమ్స్ అవెన్యూ మీద నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్ మనుషుల్ని అమ్మే దుకాణం నడిపాడు. అంతర్యుద్ధంలో దక్షిణాది సేనానుల్లో ఒకడు, ఆ తర్వాత తెల్లజాతి ఆధిపత్య ముఠా కూ క్లక్స్ క్లాన్‌కు తొలి పెద్ద తలకాయ ఇతనే. 1905లో నగరం అతనికి గుర్రం మీద కంచు విగ్రహం పెట్టింది. 1955లో అతని పాత ఇంటి చోట ఒక చారిత్రక ఫలకం నాటారు. వ్యాపారాలు చేసి ధనవంతుడయ్యాడని అందులో ఉంది. ఏం వ్యాపారమో లేదు. ఆ ఫలకం పక్కనే మరొకటి వచ్చేసరికి 2018 ఏప్రిల్ 4 అయింది, అంటే కింగ్ హత్యకు సరిగ్గా యాభయ్యేళ్లు నిండిన రోజు. 1854 నుంచి 1860 దాకా ఇక్కడ బానిసల అమ్మకం సాగిందని కొత్త ఫలకం నేరుగా చెబుతుంది. విగ్రహాన్ని అంతకు కొద్ది నెలల ముందు, 2017 డిసెంబర్‌లో, తొలగించారు. పార్కు ప్రభుత్వానిది అయినంతకాలం రాష్ట్ర చట్టం అడ్డుపడుతుందని, నగరపాలక సంస్థ పార్కునే ఒక స్వచ్ఛంద సంస్థకు అమ్మేసి ఆ రాత్రే విగ్రహాన్ని దింపించింది. చరిత్రను చెరిపేస్తున్నారని అప్పుడు గగ్గోలు పెట్టినవారు ఉన్నారు. ఆడమ్స్ అవెన్యూలో పక్కపక్కన ఉన్న రెండు ఫలకాలు చదివితే చెరిపింది ఎవరో, ఎప్పుడో తేలిపోతుంది.

బానిసత్వం పోయాక పాలుకు సాగు వచ్చింది. భూమి ఆసామిది, విత్తనం అప్పు, కంచరగాడిద అప్పు, తిండిగింజలు అప్పు. పంట చేతికొచ్చాక లెక్క చూసేది ఆసామి. ఏటా ఏదో ఒకటి తేలుతూ ఉంటుంది, ఆ తేలిన బాకీకి మళ్లీ వచ్చే ఏడు సాగు. నల్లవారే కాదు, నిరుపేద తెల్లవారూ చాలామంది ఈ ఊబిలో ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పత్తి ఏరే యంత్రాలు పొలాల్లోకి దిగాయి, అప్పటిదాకా కదలనివ్వని ఆసాములే కూలీలను కదలమన్నారు. వాళ్లకు దగ్గరి పట్నం మెంఫిస్. అలా వచ్చినవాళ్లలో కొందరి చేతిలో గిటార్ ఉంది. చాలామంది చేతిలో ఏమీ లేదు.

గిటార్ ఉన్నవాళ్ల ఊళ్లు ఒకసారి చూడండి. బి.బి. కింగ్ డెల్టాలో పాలుకు సాగు చేసినవాడు. జానీ క్యాష్ ఆర్కన్సాలోని డైస్ అనే కాలనీలో పసితనం నుంచీ పత్తి ఏరాడు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, మెంఫిస్ నుంచి కారులో గంట దూరం. కార్ల్ పెర్కిన్స్ తెల్ల పాలికాపు కొడుకు, పొలంలో పక్క సాళ్లలోని నల్లవారి పాటలు వింటూ పెరిగాడు. ఎల్విస్ కుటుంబం 1948లో మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలో నుంచి వచ్చి, తర్వాత ప్రభుత్వ గృహాల్లో చేరింది. వీళ్లందరి గొంతునూ యూనియన్ అవెన్యూ 706 నంబరు ఇంట్లో శామ్ ఫిలిప్స్ రికార్డు చేశాడు. 1950 జనవరిలో తెరిచిన ఆ చిన్న గదే సన్ స్టూడియో. ఫిలిప్స్ సొంతవాళ్లూ అలబామాలో పత్తి రైతులే. స్మిత్సోనియన్ సంస్థ సహకారంతో 2000లో వచ్చిన రాక్ అండ్ సోల్ మ్యూజియం తన కథను స్టూడియో నుంచి ఎత్తుకోదు. పాలికాపు ఇంటి వసారా నుంచి, పొలంలో పాడుకునే పాట నుంచి ఎత్తుకుంటుంది. అక్కడి నిర్వాహకులకు ఈ వరస ముందే తెలుసు, తెలియనిది టూర్ బస్సులకే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. పత్తి పొలాలు దక్షిణాది అంతటా ఉన్నాయి కదా, అన్నిచోట్లా ఎల్విస్‌లు పుట్టలేదేం? ప్రతిభను పంట లెక్కలోకి దింపితే కళకు విలువ ఏముంటుంది? పత్తి వల్ల పాట పుట్టిందని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఎవరెవరు ఒకే ఊళ్లోకి, ఒకే వీధిలోకి, ఒకే మైకు ముందుకు వచ్చిపడ్డారన్నది మాత్రం పత్తే తేల్చింది. 1954 జూలైలో ఎల్విస్ మొదటి రికార్డుగా వచ్చిన పాట ఆర్థర్ క్రుడప్ అనే నల్ల గాయకుడిది. తెల్లపిల్లాడు అలాంటి పాటలు వింటూ ఎదగగల ఊళ్లు ఎన్నో లేవు. 1949లో మెంఫిస్ రేడియో స్టేషన్ డబ్ల్యూడీఐఏ తన కార్యక్రమాలన్నీ నల్లజాతి శ్రోతల కోసమే చేయడం మొదలుపెట్టింది. నల్లవారి ఇళ్లకు వేరే వీధి కేటాయించవచ్చు గానీ, రేడియో తరంగాన్ని ఆ వీధిలోనే ఆపడం కుదరదు. ప్రతిభ వ్యక్తిది, ఆ ప్రతిభకు చెవిన పడ్డ పాట ఊరిది.

చేతిలో ఏమీ లేనివాళ్ల సంగతికి వద్దాం. వాళ్లలో చాలామంది మెంఫిస్ పారిశుద్ధ్య విభాగంలో చెత్త ఎత్తే పనికి కుదిరారు. కారుతున్న డబ్బాలను నెత్తిన మోసి ట్రక్కులో వేసే పని. నెలంతా చేసినా ప్రభుత్వం ఇచ్చే పేదల సాయానికి అర్హత పోని జీతం. వాన పడితే నల్ల కూలీలను జీతం కోసి ఇంటికి పంపేవారు, తెల్ల సూపర్‌వైజర్లకు పూర్తి జీతం అందేది. 1968 ఫిబ్రవరి 1న వానకు తలదాచుకోవడానికి ఇద్దరు కూలీలు, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్, చెత్తబండి వెనక భాగంలో కూర్చున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటదే కదిలి ఇద్దర్నీ నలిపేసింది. వాళ్ల కుటుంబాలకు నగరం ఇచ్చింది నెల జీతం, ఖననానికి 500 డాలర్లు. ఫిబ్రవరి 12న 1,300 మంది కూలీలు పని మానేశారు. మేమూ మనుషులమేనని చాటే అట్టలు మెడలో వేసుకుని రోజూ ఊరేగారు. కింగ్ మెంఫిస్‌కు వచ్చింది ఈ కూలీల కోసం. ఆ సంగతి చెప్పకుండా ఆయన హత్యను చెబితే, ఒక మహానుభావుడు ఎక్కడో ఒక ఊళ్లో తూటాకు బలయ్యాడన్నంతవరకే అర్థమవుతుంది.

లొరైన్ మోటెల్‌లో పాటా సమ్మే ఒకచోట కలుస్తాయి. నల్లజాతి ప్రయాణికులకు గది దొరికే కొద్ది చోట్లలో ఇదొకటి. మెంఫిస్ సోల్ సంగీతానికి నిలయమైన స్టాక్స్ కంపెనీ కళాకారులు, నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చోగలిగిన చోటూ ఇదే. ‘నాక్ ఆన్ వుడ్’ పాటను ఎడ్డీ ఫ్లాయిడ్, స్టీవ్ క్రాపర్ ఇక్కడి గదిలోనే కట్టారు. ఆ మోటెల్ 306వ గది ముందు వసారాలో 1968 ఏప్రిల్ 4 సాయంత్రం 6 గంటల 1 నిమిషానికి కింగ్‌కు తూటా తగిలింది. యజమాని భార్య లోరీ బెయిలీ ఆ రాత్రే పక్షవాతంతో కుప్పకూలి, కింగ్ అంత్యక్రియల రోజునే కన్నుమూసింది. మోటెల్ క్రమంగా దివాలా తీసింది. 1982లో వేలంలో 1,44,000 డాలర్లకు స్థానికులు కొని నిలబెట్టారు. 1991లో జాతీయ పౌరహక్కుల మ్యూజియంగా తెరిచారు. లోపల బానిస ఓడల నుంచి మొదలై, మోంట్‌గొమరీ బస్సు బహిష్కరణను గుర్తుచేసే బస్సు, సమ్మె నాటి చెత్తబండి దాటుకుంటూ నడిస్తే చివరికి అద్దం వెనక ఆనాడున్నట్టే ఉంచిన గది వస్తుంది. అక్కడ గొంతు పెంచి మాట్లాడేవాళ్లు కనబడరు.

ఈ మ్యూజియం మీద అన్నిటికన్నా బలమైన అభ్యంతరం గుమ్మానికి ఎదురుగానే ఉండేది. మోటెల్‌లో చివరిదాకా ఉన్న జాక్వెలిన్ స్మిత్ అనే మహిళను 1988లో పోలీసులు బలవంతంగా ఖాళీ చేయించారు. ఆమె ఎదుటి కాలిబాట మీద బల్ల వేసుకుని దశాబ్దాలపాటు నిరసన చేసింది. కోట్ల డాలర్లతో చావు జరిగిన చోటును ప్రదర్శనశాల చేయడం కన్నా, కింగ్ చివరి రోజుల్లో ఎవరికోసం నిలబడ్డాడో ఆ పేదలకు ఇళ్లూ వైద్యమూ ఇస్తే ఆయనను తలుచుకున్నట్టు అని ఆమె వాదన. మ్యూజియం వచ్చాక చుట్టుపక్కల ఇళ్ల ధరలు పెరిగి పేదలు దూరం జరగాల్సివచ్చిందన్న మాటలోనూ నిజముంది. దీనికి పూర్తి సమాధానం మ్యూజియం దగ్గర లేదు. ఒక మాట మాత్రం అనవచ్చు. ఆ మోటెల్‌ను కూల్చి ఇళ్లు కట్టి ఉంటే, ఆ ఇళ్లలో ఉండే పిల్లలకు సమ్మె సంగతి ఎవరు చెప్పేవారు? స్టాక్స్ చరిత్ర ఇందుకు హెచ్చరిక. కంపెనీ 1975లో మూతబడింది, 1989లో ఆ పాత సినిమాహాలు భవనాన్ని నేలమట్టం చేశారు. తర్వాత తప్పు తెలిసి అదే చోట అలాంటి భవనాన్నే కట్టి 2003లో మ్యూజియం తెరిచారు. పక్కనే చుట్టుపక్కల పిల్లలకు సంగీతం నేర్పే అకాడమీ పెట్టారు కాబట్టి, స్మిత్ అడిగిన దాంట్లో కొంతైనా అక్కడ జరుగుతోంది. లొరైన్ ఆ మాట ఇంకా వినవలసే ఉంది.

సెలవుల్లో సరదాగా తిరగడానికి వెళ్లినవాళ్లకు ఇంత బరువెందుకని అడిగేవాళ్లూ ఉంటారు. సరదా మానుకోమని ఎవరు చెప్పగలరు? బీల్ స్ట్రీట్‌లో సాయంత్రం గడపకుండా మెంఫిస్ వదలడం పొరపాటే. కాకపోతే అదే వీధిలో 2021లో నిలిపిన పాత్రికేయురాలు ఇడా బి. వెల్స్ విగ్రహం దగ్గర ఆగాలి. 1892లో ముగ్గురు నల్లజాతి దుకాణదారులను గుంపు చంపేసినప్పుడు, ఆమె తన పత్రికలో అసలు కారణం వ్యాపారంలో పోటీ అని రాసింది. ఆమె ఊళ్లో లేని సమయం చూసి ప్రెస్‌ను ధ్వంసం చేశారు. అలాగే నది ఒడ్డున టామ్ లీ పేరుతో ఉన్న పార్కు. 1925లో స్టీమర్ బోల్తాపడితే, ఈత రాని ఈ నల్లజాతి పడవవాడు తన చిన్న పడవలో 32 మందిని ఒడ్డుకు చేర్చాడు. ఊరు ఆయనకు చందాలు వేసి ఇల్లు కొనిపెట్టింది, పారిశుద్ధ్య విభాగంలో ఉద్యోగమూ ఇచ్చింది. ప్రాణాలు కాపాడిన మనిషికి తగిన పని చెత్తబండే అని ఊరు అనుకున్న కాలం అది. పత్తి గది, సమ్మె తెలియకపోతే ఆ పార్కు చక్కని గడ్డి మైదానం మాత్రమే.

చూసేవాటి విషయంలో ఆధారం అడిగే అలవాటు మానుకోకూడదు. ఊరి ఉత్తరాన ఉన్న స్లేవ్ హేవెన్ మ్యూజియం పంతొమ్మిదో శతాబ్దపు ఇల్లు. పారిపోయే బానిసలు దాని నేలమాళిగలో దాక్కుని రాత్రిపూట నదికి చేరేవారని చెబుతారు. నోటి మాట తప్ప రాతపూర్వక రుజువు లేదని కొందరు చరిత్రకారులు అంటారు. పట్టుబడితే ప్రాణం పోయే పనికి ఎవరూ కాగితం రాసిపెట్టరు గనుక ఆ కథను కొట్టిపారేయడానికీ లేదు, నిర్ధారించడానికీ లేదు. చూడండి, అనుమానంతోనే చూడండి. పిరమిడ్ ఆకారపు పెద్ద కట్టడం ఇప్పుడు వేట సామాన్ల దుకాణం, దాన్ని వదిలేసినా నష్టం లేదు. సమ్మె కూలీలు రోజూ బయల్దేరిన క్లేబార్న్ టెంపుల్ చర్చిని 2025 ఏప్రిల్‌లో అగ్ని మింగేసింది. దాని పక్కన సమ్మె కూలీల పేర్లు చెక్కిన స్మారకం మిగిలి ఉంది.

ఒక్క రోజే ఉన్నవాళ్లు పొద్దున రేవు రాళ్ల మీద మొదలుపెట్టి, కాటన్ మ్యూజియం చూసి, ఆడమ్స్ అవెన్యూ ఫలకాలు చదివి, సుమారు మైలు దూరంలోని లొరైన్‌కు నడవవచ్చు. సాయంత్రం స్టాక్స్. రెండో రోజుంటే సన్ స్టూడియో, గ్రేస్‌ల్యాండ్. ఒక్కరోజులో ఏదో ఒకటి వదలాల్సివస్తే గ్రేస్‌ల్యాండ్‌నే వదలండి. వెళ్తే మాత్రం ఈ సంగతి తెలుసుకుని వెళ్లండి: 1968 ఏప్రిల్ 16న ముగిసిన సమ్మె ఒప్పందంలో కూలీలకు యూనియన్ గుర్తింపు, జీతం పెంపు వచ్చాయి గానీ నగర ఉద్యోగుల పింఛను రాలేదు. అందువల్ల కొందరు ముసలితనంలోనూ చెత్తబండి ఎక్కుతూనే ఉన్నారు. 2017లో, అంటే నలభై తొమ్మిదేళ్లకు, బతికి ఉన్న సమ్మె కూలీలకు తలా 50 వేల డాలర్లు ఇస్తామని నగరం ప్రకటించింది, తర్వాత దాన్ని 70 వేలు చేసింది. ప్రకటన నాటికి అందుకోవడానికి మిగిలినవాళ్లు పద్నాలుగు మంది.